అడిగితే తెలిసేది ఒకటి, చూస్తే తెలిసేది ఇంకొకటి
ఫోన్‌లోకి వచ్చిన సర్కారు సేవల వెనుక రెండు రకాల పరిశోధనలు. వాటి తేడా మన పావగడ తెలుగు ఇళ్లకు ఎందుకు ముఖ్యం

పహణి కావాలన్నా, పింఛను అర్జీ పెట్టాలన్నా, పొలంలో ఏ పంట వేశామో రాయించాలన్నా ఒకప్పుడు తాలూకా ఆఫీసుకో, విలేజ్ అకౌంటెంట్ దగ్గరికో పోయేవాళ్లం. ఇప్పుడు ఆ పనుల్లో చాలా భాగం ఫోన్‌లోకో, గ్రామ్ వన్ కేంద్రంలోని కంప్యూటర్‌లోకో వచ్చేశాయి. 2020 ముంగారు నుంచి రైతే పొలంలో నిలబడి, పంట ఫొటో తీసి, వివరాలు ఎక్కించే యాప్‌ను కర్ణాటక సర్కారు తెచ్చింది. పంట బీమా, నష్టపరిహారం వంటివాటికి ఆ వివరాలను చూస్తారు. అంటే తెర మీద ఒక బటన్ తప్పుగా నొక్కితే ఆ ఏడాది శెనక్కాయ మీద పెట్టిన పెట్టుబడికే ఎసరు రావచ్చు.

ఇలాంటి యాప్‌లు, వెబ్‌సైట్లు తయారు చేసేవాళ్లు ముందూ వెనుకా జనాన్ని కలుస్తారు. దాన్నే డిజైన్ పరిశోధన అంటున్నారు. అందులో ఎక్కువగా వినబడేవి రెండు మాటలు: యూజర్ ఇంటర్వ్యూ, యూజబిలిటీ టెస్టింగ్. మన ఊళ్ల నుంచి బెంగళూరు ఐటీ కంపెనీలకు పోయిన పిల్లల నోట ఈ రెండు మాటలూ వినే ఉంటారు. రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఒకటి చేసి రెండోది కూడా అయిపోయిందనుకునే ఆఫీసులూ ఉన్నాయి. ఆ పొరపాటు బరువు మోయాల్సింది చివరికి వాడేవాళ్లే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు ముక్కలతో నెట్టుకొచ్చే మన పెద్దల మీద ఆ బరువు ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

రెండు పనులు, రెండు ప్రశ్నలు

యూజర్ ఇంటర్వ్యూ అంటే కూర్చుని మాట్లాడటం. పరిశోధకుడు ఒక మనిషిని అరగంటో గంటో కలిసి, ఆయన బతుకు, పని, ఇబ్బంది గురించి అడిగి వింటాడు. తెర మీద ఏమీ చూపించకపోయినా ఫర్వాలేదు. అక్కడ తేలాల్సిన ప్రశ్న ఇది: ఈ మనిషికి అసలు ఏం కావాలి, ఎందుకు కావాలి?

యూజబిలిటీ టెస్టింగ్ అంటే పని అప్పగించి చూడటం. తెలుగులో వాడుక పరీక్ష అనుకోవచ్చు. యాప్‌ను చేతికిచ్చి, "మీ సర్వే నంబరు పొలం తెరిచి, శెనక్కాయలో కంది సాళ్లు ఉన్నాయని ఎక్కించండి" అని చెప్పి, ఆ తర్వాత నోరు మూసుకుని చూస్తారు. వేలు ఎక్కడ ఆగింది, ఏ మాట దగ్గర కళ్లు చిట్లించారు, ఎన్నిసార్లు వెనక్కి పోయారు, పని పూర్తయిందా లేదా అన్నవి రాసుకుంటారు. ఇక్కడి ప్రశ్న వేరు: తయారు చేసిన ఈ వస్తువుతో ఈ మనిషి తన పని చేసుకోగలుగుతున్నాడా?

కొత్త చెప్పులు కొనేటప్పుడు "రోజూ ఎంత దూరం నడుస్తావు, రాళ్ల దారా, తారు రోడ్డా" అని అడగడం ఇంటర్వ్యూ. తొడిగించి నాలుగడుగులు నడిపించడం పరీక్ష. మొదటిది చేయకపోతే పొలానికి పోయే మనిషికి పెళ్లి చెప్పులు అంటగడతాం. రెండోది చేయకపోతే మడమ కొరుక్కుపోతుంది.

అడిగితేనే తెలిసేవి

కర్ణాటకలో అందరికీ తెలిసిన ఉదాహరణ భూమి పథకం. 2001 నాటికి రాష్ట్రంలోని తాలూకా కేంద్రాలన్నింటిలో పహణీలు కంప్యూటర్‌లోకి వచ్చాయి. సుమారు 2 కోట్ల రికార్డులు అవి. అంతకుముందు దాదాపు 9,000 మంది విలేజ్ అకౌంటెంట్ల చేతుల్లో ఉన్న పుస్తకాల బదులు, అప్పట్లో 15 రూపాయలు కడితే కౌంటర్ దగ్గర ముద్రించిన పహణి చేతికొచ్చేది. రైతుకు కూడా కనబడేలా రెండో తెరను బయటికి తిప్పి పెట్టాలన్న ఏర్పాటూ అందులో ఉంది.

ఆ కౌంటర్ల పనితీరు మీద బెంగళూరులోని పబ్లిక్ అఫైర్స్ సెంటర్ వాడకందార్లను అడిగి నివేదిక ఇచ్చింది. పాత పద్ధతితో పోలిస్తే లంచం ఇచ్చామని చెప్పినవాళ్లు బాగా తగ్గారని అందులో తేలింది. లంచం సంగతి ఏ తెరను గంటలకొద్దీ చూసినా తెలిసేది కాదు. ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చింది, ఆ రోజు కూలి ఎంత పోయింది, బస్సు చార్జీ ఎంతయింది, ఎవరి సాయం పట్టారు అన్నవీ అంతే. అడగాలి, ఓపిగ్గా వినాలి.

అడగడంలోనూ ఎవరిని అడిగామన్నది పెద్ద విషయం. మన తిరుమణి వైపు సోలార్ పార్కునే తీసుకోండి. 5 ఊళ్లలో సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. భూమి కౌలుకిచ్చిన రైతును అడిగితే ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైన కౌలు గురించి చెబుతాడు. అదే ఊళ్లో సెంటు భూమి లేక కూలికి పోయే ఇంటివాళ్లను అడిగితే, కలుపు తీతా కాయ కోతా పోయిన సంగతి చెబుతారు. ఇద్దరూ నిజమే చెబుతారు. ఒకరినే అడిగి లేచిపోతే మిగిలేది సగం నిజం. యాప్‌ల విషయంలోనూ అంతే. స్మార్ట్‌ఫోన్ ఉన్న కొడుకును అడిగి, ఆ ఫోన్ కోసం అతని మీద ఆధారపడే తల్లిని వదిలేస్తే ఇంటర్వ్యూ జరిగినట్టు కాదు.

మంచి ఇంటర్వ్యూకు ఇంకో గుర్తు ఉంది. అందులో జరిగినదాని గురించి అడుగుతారు. "పోయినసారి పహణి తెచ్చుకున్న రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పన్నా" అంటే ఆ రోజంతా కళ్లముందుకు వస్తుంది. "ఇలాంటి యాప్ ఇస్తే వాడతారా?" అని అడిగితే ఎవరైనా "ఆఁ, వాడతాం" అంటారు. ఆ జవాబుకు ఖర్చేమీ లేదు.

"మీదే బాగుంది సార్"

ఇంటర్వ్యూ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో బెంగళూరులోనే కొలిచి చూశారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నగరంలో 450 ఇంటర్వ్యూలు చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. నికోలా డెల్, ఇంద్రాణి మేధి తదితరులు అందులో ఉన్నారు. ఒకేలాంటి రెండు వస్తువులు చూపించి, ఒకటి తాము తయారు చేసిందని తెలిసేలా చేసి, ఏది బాగుందని అడిగారు. రెండింటికీ తేడా ఏమీ లేకపోయినా, అడుగుతున్నవాళ్లు చేసినదాన్నే మెచ్చుకునే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువగా కనబడింది. అడిగేది విదేశీ పరిశోధకుడై, మధ్యలో తర్జుమా చేసే మనిషి ఉన్నప్పుడు అది 5 రెట్లకు పోయింది. కావాలనే నాసిరకంగా మార్చిన వస్తువును చూపించినా జనం "మీదే బాగుంది" అన్నారు.

ఇది చదివి మనం నవ్వుకోవచ్చు గానీ, మన ఇళ్లలో జరిగేదీ ఇదే. ఎండలో పడి ఊరికొచ్చిన ఆఫీసు పిల్లను కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తాం. ఆ పిల్ల ఫోన్ చూపించి "ఎట్లుందవ్వా?" అంటే, "బాగుందమ్మా, నువ్వింత కష్టపడి చేస్తే బాగుండదా?" అంటుంది అవ్వ. అది మర్యాద. అడిగినవాళ్ల మొహం చిన్నబోకూడదన్న మంచితనం. నివేదికలో మాత్రం అది "వాడకందార్లు సంతృప్తిగా ఉన్నారు" అనే వాక్యమై కూర్చుంటుంది.

ఆ పరిశోధనలో మన తెలుగు కుటుంబాలు ముఖ్యంగా గమనించాల్సింది తర్జుమా మనిషి సంగతి. అడిగేవారికీ మనకూ మధ్య దూరం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది, నిజం తగ్గుతుంది. బెంగళూరు నుంచి వచ్చిన అధికారి కన్నడలోనో ఇంగ్లీషులోనో అడుగుతుంటే, పక్కింటి కుర్రవాడు తెలుగులోకి తిప్పుతుంటే, మన తాత నోటి నుంచి "సరే సార్" తప్ప ఇంకేం వస్తుంది?

చూస్తేనే తెలిసేవి

అందుకే వాడుక పరీక్ష కావాలి. వేలికి మర్యాద తెలియదు. "బాగుంది" అన్న అవ్వే పని చేయబోతే మూడో తెర దగ్గర ఆగిపోతుంది, అది కంటికి కనబడుతుంది.

ఈ పరీక్షలో పాల్గొనేవాళ్లను మనసులో అనుకుంటున్నది పైకి చెబుతూ చెయ్యమంటారు. "ఇక్కడ నొక్కాలేమో... ఇదేంటి మళ్లీ మొదటికొచ్చింది?" అనే మాటలే పరిశోధకుడికి బంగారం. చూసేవాళ్లు సాయం చేయకూడదు, "అక్కడ కాదు, కింద" అనకూడదు. సాయం చేసిన క్షణం పరీక్ష పాఠమైపోతుంది.

ఇంద్రాణి మేధి బృందమే అంతకుముందు బెంగళూరు మురికివాడల్లో ఇళ్లలో పని చేసే ఆడవాళ్ల కోసం, అక్షరం అక్కర్లేకుండా బొమ్మలతో, మాటతో నడిచే ఒక పని వెతుకులాట వ్యవస్థను తయారు చేసింది. గిన్నెలు తోమడం, వంట చేయడం వంటి పనులకు బొమ్మలు వేశారు. తీరా చూపించాక, వాళ్లలో కొందరు ఆ బొమ్మను పని అనుకోలేదు, వంటగది అనే చోటు అనుకున్నారు. కొళాయి నుంచి నీళ్లు కారుతున్నట్టు, వంట మీద ఆవిరి లేస్తున్నట్టు గీతలు చేర్చాక అది పని అని అర్థమైంది. ఇది ఎంత మాట్లాడినా బయటపడే సంగతి కాదు. బొమ్మ ముందుపెట్టి చూడాల్సిందే.

పరీక్ష లేకపోతే ఎంత దూరం పోతుందో అమెరికా 2000 సంవత్సరం అధ్యక్ష ఎన్నిక చూపించింది. ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో వయసు మళ్లిన ఓటర్లు ఎక్కువ. వాళ్లకు అక్షరాలు పెద్దగా కనబడాలని అభ్యర్థుల పేర్లను రెండు పేజీల మీద ఎదురెదురుగా వేసి, చిల్లులు పొడిచే వరుసను మధ్యలో పెట్టారు. పెద్దల అవసరాన్ని సరిగ్గానే గుర్తించారన్నమాట. కానీ ఎడమ పక్కన రెండో పేరు అల్ గోర్‌ది అయితే, మధ్య వరుసలో రెండో చిల్లు కుడి పక్కనున్న బుకానన్‌కు పోయింది. గోర్‌ది మూడో చిల్లు. నమూనా బ్యాలెట్ ముందే బయటికొచ్చింది, పార్టీల వాళ్లూ చూశారు, పెద్దగా అభ్యంతరం రాలేదు. పోలింగ్ రోజున ఆ కౌంటీలో బుకానన్‌కు 3,400కు పైగా ఓట్లు పడ్డాయి. అవి ఆయనకు వేయాలనుకుని వేసినవి కావని, చాలావరకు తికమక ఓట్లేనని తర్వాత చేసిన అధ్యయనాలు చెప్పాయి. రాష్ట్రం మొత్తంలో బుష్ గెలిచింది 537 ఓట్లతో. నమూనాను చూపించి "సరేనా?" అనడం ఒకటి, చేతికిచ్చి ఓటు వేయించి చూడటం ఇంకొకటి.

పరీక్షకూ ఒక హద్దుంది

అలాగని పరీక్ష ఒక్కటే చాలదు. బటన్లన్నీ చక్కగా పనిచేసి, అందరూ పని పూర్తిచేసి, ఆ వస్తువు ఎవరికీ అక్కర్లేనిదై ఉండొచ్చు. పైన చెప్పిన బెంగళూరు వ్యవస్థలోనే ఇదీ ఎదురైంది. బొమ్మలు అర్థమైనా, కంప్యూటర్ ముట్టుకుంటే ఏమవుతుందోనన్న భయం పోలేదు. ఆ పని వివరాలు అందులోకి ఎవరు పెడతారు, దీనితో నాకేం లాభం అన్నది వాళ్లకు అందలేదు. ఒక ఇల్లాలికి పనిమనిషి కావాల్సి రావడం, ఆ వివరం కంప్యూటర్‌లోకి ఎక్కడం, దాన్ని చూసి ఒకామెకు పని దొరకడం అన్నీ కథలా చూపించే వీడియో మొదట్లో పెట్టాక పరిస్థితి మెరుగుపడింది. భయం, నమ్మకం, అవసరం అన్నవి మాట్లాడి తెలుసుకోవాల్సినవి.

పరీక్షలో "ఎక్కడ ఆగారు" అన్నది తెలుస్తుంది. "ఎందుకు ఆగారు" అన్నది చాలాసార్లు ఆ తర్వాత కూర్చుని అడిగితేనే తెలుస్తుంది. ఆధార్ నంబరు అడిగే గడి దగ్గర అవ్వ ఆగితే, అది గడి కనబడకనా, లేక నంబరు ఇస్తే పింఛను ఆగిపోతుందన్న భయంతోనా? తెరకు ఆ సంగతి తెలియదు.

మన భాష దగ్గర ఈ తేడా ఇంకా స్పష్టం

"కన్నడ చదవడం వస్తుందా తాతా?" అని అడిగితే మన తాలూకాలో చాలామంది పెద్దలు "వస్తుంది" అంటారు. అబద్ధం కాదు. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లు. మడకశిరలోనో, హిందూపురంలోనో తెలుగు బడిలో చదివినవాళ్లు కూడా బస్సు బోర్డు, దుకాణం పేరు కూడబలుక్కుని చదివేస్తారు. కానీ ఎండలో పొలం గట్టు మీద నిలబడి, చిన్న తెర మీద, వరసగా పది గడులు నింపడం వేరు. కన్నడలో బెళె అంటే పంట, బేళె అంటే పప్పు, బెలె అంటే ధర. నోటితో మాట్లాడేటప్పుడు ఈ మూడింటికీ మన ఊళ్లలో ఎవరూ తడబడరు. కూడబలుక్కుని చదివే కంటికి మాత్రం మూడూ దగ్గరదగ్గరే. "చదవడం వస్తుంది" అన్న ఇంటర్వ్యూ జవాబు, చదవడానికి పట్టిన సమయాన్ని చెప్పదు. పరీక్ష చెబుతుంది.

తెలుగులో పెట్టేస్తే సరిపోతుందా అంటే, అదీ ఆలోచించాల్సిందే. ఒక జిల్లాలోనో తాలూకాలోనో 15 శాతం, అంతకు మించి జనం మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నోటీసులు, నియమాలు తర్జుమా చేసి ప్రకటించాలన్నది భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఎప్పటినుంచో ఉన్న మాట. ఆ మాట ఫోన్ తెరకూ వర్తించాలని మనం అడగడం న్యాయమే. అయితే విజయవాడలో కూర్చుని తర్జుమా చేస్తే పహణి కాస్తా అడంగల్ అవుతుంది. ఆంధ్రలో అడంగల్ అందరి నోటా ఉన్న మాట. తరతరాలుగా కర్ణాటక రెవెన్యూ మాటలతో బతికిన మన ఇంట్లో అది పరాయి మాట. మనకు పహణి, నాడకచేరి, ఖాతె అంటేనే తెలుస్తుంది.

రెండు పద్ధతులూ ఎలా కలిసి పనిచేస్తాయో ఇక్కడే చూడొచ్చు. మన ఊళ్లలో జనం ఏ మాట వాడతారో ఇంటర్వ్యూలో తెలుస్తుంది. ఆ మాటను తెర మీద పెట్టాక సరైన బటన్ దొరికిందో లేదో పరీక్షలో తెలుస్తుంది. మొదటిది లేకుండా రెండోది చేస్తే, అడంగల్ బదులు ఏం రాయాలో ఎవరికీ తెలియదు. రెండోది లేకుండా మొదటిది చేస్తే, పహణి అని రాసి ఉన్న బటన్ ఎవరికీ కనబడని మూల ఉండిపోతుంది.

ఎంతమంది కావాలి?

ఇదంతా లక్షల ఖర్చుతో కూడిన పనేమో అనిపిస్తుంది. జాకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో వేసిన లెక్క ప్రకారం, ఒక్కో మనిషితో పరీక్ష చేస్తే సగటున మూడో వంతుకు కాస్త తక్కువ లోపాలు బయటపడతాయి. ఐదుగురితో చేసేసరికి దాదాపు 85 శాతం తేలుతాయి. ఐదుగురితో చేసి, దిద్ది, మళ్లీ ఐదుగురితో చేయడం మేలని నీల్సన్ చెప్పిన మాట ఈ రంగంలో బాగా ప్రచారమైంది.

కానీ ఆ ఐదుగురూ ఎవరన్నదే అసలు సంగతి. ఒకేలాంటి వాడకందార్లకే ఆ లెక్క. బెంగళూరు ఆఫీసులో ఐదుగురు కుర్రవాళ్లతో చేసిన పరీక్షలో పావగడ అవ్వ ఇబ్బంది ఒక్కటి కూడా బయటికి రాకపోవచ్చు. వాడేవాళ్లు వేరువేరు రకాలైతే ఒక్కో రకం నుంచి కొందరిని విడిగా పిలవాలి. మన తాలూకా నుంచి తెలుగు పెద్దలు ముగ్గురో నలుగురో ఉండాలని అడగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

మన ఇంటికి వస్తే ఏం చేయాలి

యాప్ పేరుతో ఎవరైనా మన వీధికి వస్తే ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకుందాం.

మొదటిది, ఏ పనికొచ్చారో అడగండి. "మా మాట వినడానికొచ్చారా, మేము చేస్తుంటే చూడటానికొచ్చారా?" వినడానికైతే యాప్ పొగడ్త పక్కనపెట్టి, పోయినసారి ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. చూడటానికైతే మొహమాటం లేకుండా తడబడండి. అక్కడ పరీక్ష రాస్తున్నది యాప్, మీరు కాదు.

రెండోది, తెలుగులో మాట్లాడే మనిషి కావాలని అడగండి. ఇంటి పిల్లలను తర్జుమాకు కూర్చోబెడితే వాళ్లు మన మాటను చక్కదిద్ది చెబుతారు. ఆ చక్కదిద్దడంలోనే ఇబ్బంది మాయమవుతుంది.

మూడోది, పెద్దవాళ్లు ఫోన్ పట్టుకున్నప్పుడు మనవళ్లు లాక్కోకూడదు. "ఇటివ్వవ్వా, నేను చేస్తా" అన్న ఒక్క మాటతో పరీక్ష అయిపోతుంది. చేసింది మనవడు, పాసైంది యాప్, రేపు ఒంటరిగా ఉన్నప్పుడు ఇబ్బంది పడేది అవ్వ.

నాలుగోది, అసలు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి. నిజమైన పరీక్షకు అవి అక్కర్లేదు, నమూనా వివరాలతో చేయించాలి. వీడియో తీస్తుంటే మీ ఒప్పుదల అడగాలి. మధ్యలో వద్దంటే ఆపేయాలి.

బెంగళూరులో ఈ రంగంలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. పండక్కి ఊరికొచ్చినప్పుడు ఒక పూట చాలు. ఐదుగురు పెద్దలను వేరువేరుగా కూర్చోబెట్టి, ముందు పదిహేను నిమిషాలు మాట్లాడండి, తర్వాత మూడు చిన్న పనులు ఇచ్చి మౌనంగా చూడండి. ఎవరు ఎక్కడ ఆగారో పేర్లు లేకుండా ఒక కాగితం మీద రాయండి. "మా ఊళ్లో తెలుగువాళ్లకు కష్టంగా ఉంది" అని అర్జీ పెడితే "పరిశీలిస్తాం" అని జవాబొస్తుంది. "ఐదుగురిలో నలుగురు మూడో తెర దగ్గర, ఫలానా మాట దగ్గర ఆగిపోయారు" అని రాసిస్తే, దిద్దాల్సింది ఏదో చదివినవాళ్లకు వెంటనే తెలుస్తుంది.